మెడ చూసి రాయకండి

పింఛను చెల్లింపుల ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. పని ఎలా ఉంటుందో చెప్పండి మేడం అని అడిగారు. నియమాలు పుస్తకంలో ఉన్నాయి, మీరే చదువుకోండి అన్నాను. పుస్తకంలో లేనిది భయం. నేను ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ నా ఎదుటికి ఎక్కువగా వచ్చింది అదే. కాఫీ తాగి లేచేలోపు అదంతా చెప్పడం కుదరలేదు కాబట్టి రాస్తున్నాను.

ప్రభుత్వోద్యోగి చనిపోతే భార్యకు, ఉద్యోగి ఆడమనిషైతే భర్తకు, నెలనెలా వచ్చేదే కుటుంబ పింఛను. మా రాష్ట్ర నియమాల్లో దానికొక షరతు ఉంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోతుంది. అందుకని ఏడాదికోసారి రెండు సంగతులు సంతకం పెట్టి చెప్పాలి. ఒకటి, నేను బతికే ఉన్నాను. రెండు, నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మొదటిదాన్ని ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి తేల్చేస్తున్నారు. రెండోదాన్ని ముఖం తేల్చదు. నేను చెప్పబోయేదంతా ఆ రెండోదాని గురించే.

ఫోటోకి భయపడ్డ ఇంజినీరు

ముందు చిన్న భయం గురించి చెబుతాను. పదవీ విరమణ కాగితాలతోపాటు భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో ఒకటి ఇవ్వాలి. రేపు ఒకరు పోతే మిగిలినవారిని గుర్తుపట్టడానికి అది కావాలి. జూబ్లీహిల్స్‌లో సొంత ఇల్లున్న ఒక పెద్ద ఇంజినీరుగారు ఆ ఒక్క ఫోటో ఇవ్వకుండా నెలల తరబడి తిప్పించారు. చివరికి అసలు సంగతి బయటపెట్టారు. ఆవిడ కూర్చోనంటున్నారు. ఆయన పోయాక పనికొచ్చే ఫోటోకి ఆయన పక్కనే కూర్చోవడం అపశకునమట. జ్యోతిష్కుణ్ణి అడిగితే కొంతకాలం ఆగమన్నాడట. కెమెరా ఆన్ చేయడానికి కూడా ముహూర్తం చూసే పేట అది, జ్యోతిష్కుడికి అక్కడ పనికి లోటుండదు.

"ఫోటో దిగినా దిగకపోయినా మనందరం పోయేవాళ్లమేనండీ" అన్నాను. "నేను కూడా."

ఆయనకి కోపం వచ్చింది. అయినా ఆ వారంలోనే ఫోటో తెచ్చారు. పట్టుచీరలో ఆవిడ, కోటులో ఆయన, ఇద్దరూ పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు ఉన్నారు. ఇప్పటికీ పార్కులో ఎదురైతే, బతికే ఉన్నానమ్మా, రాసుకోండి అంటారు.

చదువుకున్నవాడి మూఢత్వం అంటే నాకు ఎప్పుడూ ఒళ్లు మంట. వంతెన బరువు లెక్కకట్టగలిగిన మనిషి ఒక ఫోటో బరువు లెక్కకట్టలేకపోయాడు. కానీ ఆ భయం నవ్వితే పోతుంది. ఇంకొకటి ఉంది, నవ్వితే పోనిది. దాన్ని పెంచేది మనమే.

ఒక అలవాటు

మళ్లీ పెళ్లి చేసుకోలేదని ఎలా తేల్చాలో ఏ నియమంలోనూ లేదు. లేనిచోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. నేను చేరేనాటికే మా ఆఫీసులో ఒక అలవాటు ఉంది. సంతకానికి వచ్చిన ఆవిడ మెడ వంక చూసేవారు. తర్వాత కాళ్ల వేళ్లు, మెట్టెలున్నాయేమోనని. తర్వాత నుదురు. చూసి, సరే అని కాగితం పక్కకు నెట్టేవారు. ఈ చూపు సంగతి ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకే పింఛను సంతకం రోజున పూసల గొలుసు కూడా తీసేసి వచ్చేవాళ్లు. బోసి మెడ కనబడేలా కొంగు సర్ది నిలబడేవాళ్లు. నేరం చేయనివాళ్లు నేరస్తుల్లా తమ ఒంటిని తనిఖీకి పెట్టడం నేను అక్కడే చూశాను.

భార్య పింఛను తీసుకునే మగవాళ్లూ వచ్చేవారు. వాళ్లకీ షరతు అదే. వాళ్ల మెడ ఎవరూ చూడలేదు. చూడటానికి అక్కడేముంది? పెళ్లి గుర్తులన్నీ ఆడమనిషి ఒంటి మీదే పెట్టిన సమాజం, అనుమానాన్ని కూడా ఆ ఒంటి మీదే పెట్టింది.

మా పై అధికారి ఈ అలవాటుకి పెద్ద దిక్కు. ఆయన సూత్రం, ముందు ఆపు, తర్వాత అడుగు. చెడ్డవాడని అనను. విరమణ దగ్గరపడ్డ మనిషి. ఎక్కడైనా తప్పు చెల్లింపు జరిగితే ఆడిట్‌వాళ్లు తన మెడకు చుడతారని వణికేవాడు. తన భయాన్ని కింద కూర్చున్నవాళ్లకి పంచిపెట్టడమే ఆయన పరిపాలన. నేను రిజిస్ట్రార్ ఎదుట సంతకాలతో పెళ్లి చేసుకున్నదాన్ని, తాళి కట్టించుకోలేదు. అది ఆయనకి పెద్ద వినోదం. "మిమ్మల్ని చూసినప్పుడల్లా కుటుంబ పింఛను మంజూరు చేసేద్దామా అనిపిస్తుంది మేడం" అనేవాడు. సెక్షన్ అంతా నవ్వేది. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఆ పింఛను మీ ఆవిడ కోసం అట్టేపెట్టండి అన్నాను ఒకసారి. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

చనిపోయాడు, దుబాయ్‌లో ఉన్నాడు

ఒకరోజు సంతకం లేని ఫిర్యాదు ఒకటి వచ్చింది. స్వరూప అనే ఆమె మీద. ఆమె భర్త ప్రభుత్వ ఆసుపత్రిలో అటెండరుగా చేసి రిటైరైన కొద్దికాలానికే చనిపోయాడు. పెళ్లి ఆలస్యంగా చేసుకున్నాడు, ఆమెకూ అతనికీ వయసులో చాలా తేడా. పిల్లలు లేరు. ఫిలింనగర్ బండల మీద ఒక గదిలో అత్తతో ఉంటోంది. ఫిర్యాదులో ఉన్నది ఇదీ. ఈమె మళ్లీ పెళ్లి చేసుకుంది, ఆ భర్త దుబాయ్‌లో పనిచేస్తున్నాడు, మెడలో పుస్తెలతాడు వేసుకుని తిరుగుతూ ప్రభుత్వాన్ని మోసం చేస్తోంది. జతగా ఒక ఫోటో. పెళ్లి పందిరిలో, తలంబ్రాల మధ్య, మెడనిండా నగలతో స్వరూప.

ఫోటో చూడగానే నాకు నవ్వొచ్చింది. పందిరి అంచున లైటు స్టాండు ఒకటి కనబడుతోంది. అది షూటింగు. ఆమె జూనియర్ ఆర్టిస్టు. పొద్దున్నే వ్యాన్ ఎక్కి, గుంపు సీన్లలో ఏ పెళ్లిలోనో, ఏ సంతలోనో నిలబడి వస్తుంది. పై అధికారికి స్టాండు చూపించాను. ఆయన తల ఊపి, ఫోటో పక్కన పెట్టి, సినిమా పెళ్లి సరే, దుబాయ్ మొగుడు ఎవరు అన్నాడు. ఈ నెల నుంచి ఆపేసి, చుట్టుపక్కల ఇళ్లలో విచారించమన్నాడు. ఆపకండి, ముందు నేను వెళ్లొస్తాను అని బతిమాలాను. ఆ నెల పింఛను బిల్లు పంపేలోపు తేల్చమన్నాడు.

ఫిలింనగర్ తెలియనివాళ్లకి ఒక్క మాట. పైన రోడ్డుకి ఒకవైపు గేటు దాటితే గాని ఇల్లు కనబడని బంగళాలు. అదే బండకి ఇంకోవైపు మెట్లు దిగితే గోడకి గోడ ఆనుకుని గదులు. మెట్ల మొదట్లో నీళ్ల డ్రమ్ముల దగ్గర ఇంటి యజమానురాలు నన్ను ఆపింది.

"ఎవరు గావాలె మేడం?"

స్వరూప అన్నాను.

"మీరేడికెల్లి?"

"వాళ్లాయన ఉద్యోగం కాగితాల పని" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "దుబాయ్ కాగితాలా? వస్తున్నడా ఏంది? పాపం, ఒక్కతే ఉంటది పిల్ల. మొగుడున్నోళ్లకే ఇస్త నేను గది. లేకుంటే తలనొప్పి నాకు."

అప్పటికి అర్థమైంది. మొగుడు దుబాయ్‌లో ఉన్నాడన్న ఆ ఒక్క మాట మీద స్వరూప తలుపు నిలబడి ఉంది. నేను చుట్టుపక్కల విచారించడమంటే, ఈమె విధవ, తెలుసా మీకు అని ఇంటింటికీ చెప్పి రావడమే. పింఛను ఆగకపోయినా గది పోతుంది. నేను అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. మెట్లు దిగి స్వరూప గదికి వెళ్లాను.

గొళ్లెం

స్వరూప నన్ను చూసి తెల్లబోయింది. ఆఫీసులో నా కుర్చీ ఆమెకి తెలుసు. కొంగు గబుక్కున మెడ చుట్టూ లాక్కుంది, అప్పటికే నేను చూసేశాను. మెడలో పుస్తెలతాడు ఉంది. కూర్చోమనడం కూడా మర్చిపోయి గోడకి ఆనుకుని నిలబడింది. మూలన మంచం మీద ఉన్న అత్త మల్లమ్మ లేచి కూర్చుంది. బాగా పెద్దది, చూపు మందగించింది, గొంతు మాత్రం గట్టిది.

నేను ఫిర్యాదు సంగతి చెప్పాను. పింఛను ఆగుతుందా అని స్వరూప అడగలేదు. ఎవరు రాశారని అడగలేదు. "ఇంటామెకు చెప్పిన్రా?" అని అడిగింది. చెప్పలేదన్నాక వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

తర్వాత చెప్పినదంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది. భర్త పోయాక బోరబండలో ఉన్న గది ఖాళీ చేయమన్నారు. ఎక్కడికి వెళ్లినా మగదిక్కు ఎవరని అడిగారు. వ్యాన్లో పక్క సీటు ఖాళీ ఉంటే చాలు, ఎవడో ఒకడు వచ్చి కూర్చునేవాడు. సెట్టు మీద ఒక మేనేజరు ఆమె బోసి మెడ చూసి, పొద్దుపోయినా పర్లేదుగా, ఇంటి దగ్గర అడిగేవాడెవడు అన్నాడట. ఆ సాయంత్రం మల్లమ్మే కోడల్ని వెంటపెట్టుకుని, కృష్ణానగర్‌లో షూటింగులకు నగలు కిరాయికిచ్చే దుకాణానికి నడిచింది. ఒక గిల్టు పుస్తెలతాడు కొన్నది. ఇంటికొచ్చి తన చేత్తో కోడలి మెడలో వేసింది. దుబాయ్ కూడా ఆమె ఆలోచనే.

"నా కొడుకే మేడం" అంది మల్లమ్మ. "యాడున్నడో ఎవరికెర్క? దుబాయ్‌ల ఉన్నడనుకుంటే మాకేమైతది, వాళ్లకేమైతది?"

నేను ఊరుకోలేదు. తాళి వద్దని వేదికల మీద మాట్లాడిన నోరు కదా. అది తీసెయ్యి, ఇంటామెకి నిజం చెప్పు, ఇష్టమైతే ఇస్తుంది లేకపోతే లేదు, ఎన్నాళ్లిలా భయపడతావు, గిల్టు తాడు నిన్నేం కాపాడుతుంది అన్నాను. నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను.

స్వరూప తలుపు వంక చూపించింది. "మీ ఇంటికి తాళం ఉంటది కద మేడం. దీనికి గొళ్లెమే ఉన్నది. బయటికెల్లి జర గట్టిగ నూకితే వస్తది."

మళ్లీ పెళ్లి చేసుకోవాలని లేదా అని అడిగాను. జవాబు మల్లమ్మ చెప్పింది. "చేస్కోమని నేనే మొత్తుకుంటున్న. లైట్ల పని చేసే పిల్లగాడు మంచోడే, అడిగిండు కూడ. పింఛను పోతది, నీ మందులెట్ల అంటది. నా పానం కోసం దాని పానం ఎండబెడుతున్నది."

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ఈ గడ్డ మీద మనుషులు రాళ్లదెబ్బలు తిని వాదించారు. చట్టం వాళ్ల పక్షానే నిలబడింది. ఆ చట్టాన్నే నడిపే సర్కారు ఇంకో చేత్తో, చేసుకో, కానీ అన్నం వదులుకో అంటోంది. భర్త చేసిన కొలువుకి ప్రతిఫలం అది. అతను చనిపోయినంత మాత్రాన ఆ కొలువు చేయనిదైపోతుందా? ఆమె ఎవరి పక్కన బతికితే దానికేం? ఈ షరతు మారాలని నేను ఉద్యోగంలో ఉండగానే పైకి రాశాను, ఇప్పుడూ రాస్తున్నాను. అది మారేదాకా దాన్ని నడిపేవాళ్లు మీరే అవుతారు కాబట్టి, మీ చేతిలో ఉన్నదెంతో తెలుసుకోండి.

టేబుల్ మీద పెట్టింది

వెళ్లొచ్చాక పై అధికారికి చెప్పాను, పెళ్లి జరిగిన ఆధారమేదీ లేదని. ఆయన ఒప్పుకోలేదు. మనిషిని పిలిపించమన్నాడు. అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. ఎండ మండిపోతుంటే స్వరూప కొంగు మెడ చుట్టూ బిగించి కూర్చుంది. తాడు తీసేసి వచ్చింది గానీ, ఏళ్లుగా వేసుకున్నదాని ఒరిపిడి చర్మం మీద నల్లగా నిలిచిపోయింది. దాన్ని ఎక్కడ దాచుకుంటుంది?

"కొంగు తియ్యమ్మా, చూస్తాను" అన్నాడాయన.

"తియ్యకు" అన్నాను నేను.

నేను నిలబడే మాట్లాడాను. పెళ్లి జరిగిందన్నవాడు చూపించాలి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని. సంతకం కూడా పెట్టని మనిషి మాట మీద, జరగలేదని ఈమె ఎలా చూపిస్తుంది? జరగనిదానికి ఆధారం ఎక్కడుంటుంది? మీరు నేరం చేయలేదని మీరు చూపించగలరా సార్ అన్నాను. తర్కంలో మొదటి పాఠం అది. నేను చక్కగానే చెప్పాను. ఆయన చెవికి ఎక్కలేదు. ఆడిట్‌వాళ్లు తర్కం అడగరు మేడం, మొగుడెక్కడని అడుగుతారు అన్నాడు.

అప్పుడు మల్లమ్మ లేచింది. టేబుల్ అంచు తడుముకుంటూ దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, ఆ పుస్తెలతాడు ఆయన ఎదుట, ఫైలు మీద పెట్టింది.

"ఇగో సారూ, మొగుడు. కిరాయి నగల దుకాణంల కొన్న. నా కొడుకు పోయినంక నేనే కట్టిన, నా చేతులతోని. పట్టుకో, చూడు, యాడ కొన్ననో అడుగు."

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. ముఖంలో రంగు మారింది. కూతురి పెళ్లి మాటలు నడుస్తున్న ఇల్లు ఆయనది. కొడుకు పోయిన తల్లి, మొగుడు పోయిన కోడలి మెడలోంచి తీసిన తాడు తెచ్చి ఎదురుగా పెడితే, ముట్టుకోవడం అటుంచి, చూడటానికే ఆయనకి ధైర్యం చాలలేదు. అంతమంది మెడలు తీరిగ్గా చూసిన మనిషి.

"తియ్యమ్మా, ముందక్కడ్నుంచి తియ్యి" అన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. "మేడం, ఆధారం లేదని రాసి తీసుకురండి. సంతకం పెడతాను."

నా వాదన గెలిచిందని మీకు చెప్పగలిగితే బాగుండేది. గెలవలేదు. ఆయన మూఢత్వం గెలిచింది, దాని పుణ్యాన ఆమెకి పింఛను దక్కింది. నాకు అది ఈరోజుకీ మింగుడుపడలేదు. అయితే మర్నాటి నుంచి నా సెక్షన్లో మెడ చూడటం మాన్పించాను. మగవాళ్లని ఏమడుగుతామో ఆడవాళ్లనీ అదే అడగాలి, అంతకుమించి చూపు పోకూడదన్నాను. కొందరు గొణిగారు. ఒకాయన, అయితే ఎలా తెలుస్తుంది మేడం అన్నాడు. తెలియకపోతే తెలియలేదని ఒప్పుకో అన్నాను. తెలియనిచోట అనుమానం పెట్టుకునే హక్కు జీతంతోపాటు రాదు.

మీకూ ఫిర్యాదులు వస్తాయి. సంతకం లేనివాటిని సంతకం లేనివాటిలాగే చూడండి. విచారణకి వెళ్తే, మీరు అడిగే ప్రశ్న ఏ గొళ్లెం ఊడగొడుతుందో ముందు ఆలోచించుకోండి. ఆపడం తేలికైన పని. ఆపిన నెలలో ఆ ఇంట్లో ఏమవుతుందో మన టేబుల్ దాకా రాదు.

ఒంటరిగా వచ్చిన ఏడాది

ఆ తర్వాత ప్రతి ఏడాదీ అత్తాకోడళ్లు కలిసే వచ్చేవాళ్లు. మెడ ఎవరూ చూడరని నేనెంత చెప్పినా స్వరూప నమ్మలేదు. గేటు పక్కన, టీ బండి వెనక నిలబడి తాడు తీసేది. మల్లమ్మ దాన్ని కొంగున కట్టుకునేది. సంతకం అయ్యాక అక్కడే మల్లమ్మ తడుముకుంటూ, కోడలి జుట్టు పక్కకి తీసి, వెనక కొక్కెం పెట్టేది. కిటికీలోంచి నాకు కనబడేది. చూసి తల తిప్పుకునేదాన్ని.

నేను రిటైరయ్యే ముందు చలికాలంలో స్వరూప ఒక్కతే వచ్చింది. ఎండాకాలంలోనే మల్లమ్మ పోయిందని చెప్పింది. ఏడవలేదు. ఇప్పుడు గదిలో ఒంటరి, గొళ్లెం అదే. మరి లైట్ల పిల్లవాడు అన్నాను. మందుల ఖర్చు తప్పింది కదా అని నా లెక్క. ఎన్నాళ్లు చూస్తాడు మేడం, చేసుకున్నాడు వేరే అమ్మాయిని అంది.

సంతకం అయింది. నేను మెట్ల దాకా వచ్చాను. ఆమె టీ బండి వెనకకి వెళ్లి, రెండు చేతులూ మెడ వెనక పెట్టి కొక్కెం కోసం తంటాలు పడుతోంది. జుట్టులో చిక్కుకుంది, రాలేదు. రోడ్డు మూల మీద షూటింగు వ్యాన్ వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. తలుపు పక్కన కూర్చున్న మగవాళ్లు ఇటే చూస్తున్నారు. తొందరలో తాడు జారి ఆమె భుజం మీద పడింది. మళ్లీ హారన్. అటూ ఇటూ చూసి, నన్ను చూసింది.

"మేడం, జర కొక్కెం పెడ్తరా? అత్త పెట్టేది."

దగ్గరికి వెళ్లాను. జుట్టు పక్కకి తీశాను. నా మెడలో ఎవరినీ కట్టనివ్వని తాడుని, ఎవరూ కట్టుకోవద్దని ఊరూరా చెప్పిన తాడుని, పట్టుకుని, కొక్కెం వెతికి పెట్టాను. చల్లగా ఉంది, బరువేమీ లేదు. ఆమె నా వైపు తిరిగి, పుస్తెలు కొంగు మీదికి లాక్కుంది.

"కనబడ్తున్నదా మేడం?"

"కనబడుతోంది" అన్నాను.

ఆమె వ్యాన్ వైపు నడిచింది.